ఎదురెదురుగా కాదు, ఒకే జట్టులో

పోయిన వేసవి సెలవుల్లో బెంగళూరు మారతహళ్లిలో మా లేఔట్ వెనక ఖాళీ స్థలంలో పిల్లలకి టెన్నిస్ బాల్ మ్యాచ్ పెట్టాం. మా లేఔట్ పిల్లలు ఒక జట్టు, పాత ఊరి పిల్లలు ఇంకో జట్టు. మావైపు ఎక్కువ తెలుగు, హిందీ ఇళ్లు, వాళ్లు తాతల కాలం నుంచీ అక్కడే ఉన్న కన్నడిగులు. పార్కింగ్ దగ్గరా నీళ్ల ట్యాంకర్ దగ్గరా పెద్దవాళ్లకి మాటామాటా వస్తూనే ఉంది కాబట్టి, పిల్లలు ఆడుకుంటే కాస్త చల్లబడుతుందనుకున్నాం.

చల్లబడలేదు. ఒక రనౌట్ దగ్గర మొదలై "మా ఊరికొచ్చి మాకే చెప్తారా" దాకా పోయింది. అన్నవాడికి పన్నెండేళ్లు. ఆ మాట వాడిది కాదు, ఇంట్లో విన్నది. మావాళ్లు తిరిగి అన్నవి కూడా ఇళ్లలో విన్నవే, అది ఒప్పుకోవాలి.

ఆ రాత్రి చాలాసేపు చదువుతూ కూర్చున్నాను. ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాల యువకులతో క్రికెట్ లీగ్‌లు ఆడించి చేసిన ఒక పరిశోధన 2021లో వచ్చింది. కలిసి ఒకే జట్టులో ఆడినవాళ్లకి వేరే కులాల్లో స్నేహితులు పెరిగారు, ఎదుటి జట్టుగా తలపడినప్పుడు మాత్రం దాదాపు ఉల్టా జరిగింది. మేం సరిగ్గా ఆ తప్పే చేశాం! ఉన్న గీతనే ఇంకాస్త లావుగా గీసి, దాని మీద మ్యాచ్ పెట్టాం.

రెండో ఆదివారం అందరి పేర్లూ చీటీల మీద రాసి కలిపేశాం. అంపైర్‌ని కూడా తీసేశాం. ఇది కొలంబియా నుంచి తీసుకున్న ఆలోచన. 1994 ప్రపంచకప్‌లో సెల్ఫ్ గోల్ చేసిన ఆండ్రెస్ ఎస్కోబార్‌ని మెడెలిన్‌లో కాల్చి చంపాక, అదే ఊళ్లో కొందరు పిల్లలతో రిఫరీ లేని ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. రూల్స్ పిల్లలే ముందు మాట్లాడుకోవాలి, మొదటి గోల్ అమ్మాయే కొట్టాలి. మా దగ్గర అమ్మాయిలు ఇద్దరే వచ్చారు, అది నాకు ఇంకా బాధగానే ఉంది.

మొదటి గంట అరుపులే. మూడో ఆదివారానికి, ఆ మాటన్న అబ్బాయీ మావాడూ ఒకే జట్టులో పడి, చివరి ఓవర్లో ఎవరు బౌలింగ్ వెయ్యాలో తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటుంటే చూశాను. ఇప్పుడు సాయంత్రం మా గేటు దగ్గరికొచ్చి "బారో" (కన్నడలో "రారా") అని కేకేస్తాడు.

ట్యాంకర్ గొడవ అలాగే ఉంది. ఇరాక్‌లో క్రైస్తవ జట్లలో ముస్లింలని కలిపి సల్మా మూసా చేసిన అధ్యయనం 2020లో వచ్చింది, అందులోనూ ఇదే కనిపించింది: మైదానంలో కలిసినవాళ్లు మ్యాచ్‌లు అయిపోయిన నెలల తర్వాత కూడా కలిసి ప్రాక్టీస్ చేశారు గానీ, ఆ దగ్గరితనం ఆట దాటి బయటి జీవితంలోకి అంతగా రాలేదు. అందుకే పిల్లలతో ఆపకూడదనిపించింది. ఈ ఆదివారం నాన్నల మ్యాచ్. చీటీలు నిన్న రాత్రే రాశాను, ట్యాంకర్ దగ్గర గొడవపడ్డ ఇద్దరివీ ఒకే డబ్బాలో వేశాను.