నల్లగొండకు మ్రొక్కుబడి ప్రయాణం

గత బుధవారం, అంటే 2025 జనవరి 29న, మా ఇంటి కూడికకు వచ్చే 11 మందిమి దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి నల్లగొండకు వెళ్లి నా మ్రొక్కుబడి చెల్లించి వచ్చాము. నా మనవడు ఏడో నెలలోనే పుట్టి 38 రోజులు అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు, వాణ్ణి ఒళ్లోకి తీసుకునే భాగ్యం మా కోడలికి దక్కితే, మా పెద్దలకు సువార్త అందించిన తొలి దంపతులు కాపురమున్న ఊరికి వాణ్ణి ఎత్తుకెళ్లి అక్కడ ప్రభురాత్రి భోజనపు రొట్టె విరుస్తామని ప్రభువుకు మాట ఇచ్చాను. ఇప్పుడు వాడికి ఎనిమిది నెలలు. నేను ఇది రాస్తూ ఉండగా పక్కనే బోర్లా పడి నా కళ్లజోడు పెట్టెను అందుకోవాలని చూస్తున్నాడు.

మెదక్‌లో అంత పెద్ద గుడి ఉండగా నల్లగొండ ఎందుకని మా కూడికలోని యువకులు అడిగారు. మెదక్ అంటే నాకూ భక్తి ఉంది. అయితే మేము మెన్నోనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ సంఘపు బిడ్డలము, మా మూలాలు ఇళ్లలో ఉన్నాయి. 1525 జనవరి 21న జ్యూరిక్ నగరంలో ఫెలిక్స్ మాంజ్ ఇంట్లో కొద్దిమంది ప్రార్థనకు చేరినప్పుడు, జార్జ్ బ్లౌరాక్ కోరగా కొన్రాడ్ గ్రేబెల్ అతనికి బాప్తిస్మమిచ్చాడు. పసితనంలో బాప్తిస్మం పొందినవారికి పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మమివ్వడం ఆ కాలపు ప్రభుత్వం దృష్టిలో నేరం కనుక, రెండేళ్లు నిండకముందే మాంజ్‌ను లిమ్మట్ నదిలో ముంచి చంపారు. ఆ విశ్వాసాన్నే పట్టుకున్న కుటుంబాలు తరాలు గడిచాక నేటి ఉక్రెయిన్‌లోని మొలోచ్నా ప్రాంతంలో స్థిరపడ్డాయి. అక్కడ ఇళ్లలో వాక్యం చదువుకుంటూ, ఇంట్లోనే ప్రభురాత్రి భోజనం తీసుకున్నందుకు మందలింపులు పడ్డ 18 మంది కుటుంబ పెద్దలు 1860 జనవరిలో ఒక పత్రం మీద సంతకాలు చేసి వేరుపడగా మా సంఘం పుట్టింది. ఆ సంఘం నుంచే అబ్రాహాము ఫ్రీసెన్, మరియ దంపతులు 1889లో మన దేశానికి వచ్చి, అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టారు. మా సంఘపు అమెరికా శాఖవారు 1899లో హైదరాబాదుకు వచ్చారు. నాగర్‌కర్నూలు, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, మా దేవరకొండ, అన్నీ మా సంఘపు పనిలోకి ఆ తరువాత వచ్చినవే. ఆ జ్యూరిక్ కూడికకు 500 ఏళ్లు నిండిన ఎనిమిదో రోజున మేము బయలుదేరాము.

బయలుదేరేటప్పుడు నేను చూసుకోని సంగతి ఒకటి ఉంది. ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు చెరువుగట్టు శివాలయానికి వెళ్లే జనంతో నల్లగొండ దారి బస్సులు ఎలా ఉంటాయో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చిన తరువాత మాలాంటివారికి ఎంతో మేలు జరిగిన మాట నిజమే, కానీ ఆ రోజు ఒంటికాలి మీద నిలబడే చోటు కూడా దొరకలేదు. గట్టుకు వెళుతున్న ఒక యువకుడు లేచి మా కోడలికి సీటు ఇవ్వకపోతే పసివాడు నలిగిపోయేవాడు. ఏ దేవుని పేరున బయలుదేరినవారమైనా, మెట్టు దగ్గర ముసలివారిని మోచేతులతో తోసి ఎక్కడం నాకు చాలా బాధ కలిగించింది. ఆ తొక్కిసలాటలోనే నా సంచిలోని గాజు సీసా పగిలి, ప్రభు బల్ల కోసం ఇంట్లో సిద్ధం చేసుకున్న ద్రాక్షారసమంతా నా చీర మీదికి కారిపోయింది. కూర్చుని ఏడవడానికి కూడా చోటు లేదు.

నల్లగొండలో మేము చేరుకున్న పాత గుడికి తాళం వేసి ఉంది. వస్తున్నామని ముందుగా చెప్పి, సరేనన్న మాట తీసుకొని మరీ వెళ్లాము. గంటకు పైగా గేటు ముందు ఎండలో నిలబడ్డాము. చివరకు మా కూడిక పెద్ద ఒక కీర్తన ఎత్తుకోగా మేమంతా గొంతు కలిపాము. ఆ పాట విని ఎదురు సందులో నుంచి ఒక పెద్దామె వచ్చింది.

"ఎండల కూసున్నరేందమ్మా? పసిపిల్లగాడు ఉన్నడు, లోపటికి రాండ్రి" అని నా చెయ్యి పట్టుకుంది.

రెండు గదుల ఇల్లు అది. మంచం ఎత్తి గోడకు ఆనించి, చాపలు పరచి, మా అందరికీ మంచినీళ్లు ఇచ్చింది. నా చీర మీది మరక చూసి ఏమైందని అడిగింది. చెప్పగానే మారు మాట లేకుండా బజారుకు నడిచి, అరకిలో నల్ల ద్రాక్ష కొని తెచ్చి, కడిగి, తన చేతులతో పిసికి, తెల్లని పల్చని గుడ్డలో వడగట్టింది. డబ్బు ఇవ్వబోతే నా వేళ్లు మడిచి పట్టుకుంది. ఆ చేతులకు పట్టిన ఊదా రంగు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

ఆ ఇంట్లోనూ వారానికి రెండు రోజులు కూడిక జరుగుతుందట. ఆమె కూతురు కువైట్‌లో ఇంటి పని చేస్తుంది. సెలవు దొరికిన శుక్రవారం తెలుగు ఆడవారు నలుగురు ఒక గదిలో చేరి ప్రార్థన మొదలుపెడితే, ఇప్పుడు నేపాల్, ఫిలిప్పీన్స్ దేశాల వారు కూడా వస్తున్నారట. వారిలో ఒకామె తన దేశానికి తిరిగి వెళ్లి తన ఇంట్లోనే ఇరుగుపొరుగును కూర్చోబెట్టుకుంటోందని ఆ తల్లి ఎంతో సంతోషంగా చెప్పింది. పౌలు తన పత్రికలలో అకుల ప్రిస్కిల్లల ఇంట ఉన్న సంఘానికి, నుంఫా ఇంట ఉన్న సంఘానికి వందనాలు పంపిన మాటలను నేను ఎన్నోసార్లు చదివి వినిపించాను. ఆ రోజు ఆ చాప మీద కూర్చున్నాక, ఆ ఇళ్లు ఎలా ఉండేవో నాకు మొదటిసారి కనిపించినట్లయింది.

మా పెద్ద రొట్టె విరిచాడు. మా కోడలు పసివాణ్ణి ఒళ్లో పెట్టుకొని పాత్ర అందుకున్నప్పుడు వాడు దాని అంచు పట్టుకున్నాడు. ఒక్క క్షణం గదిలో ఎవరూ ఊపిరి కూడా తీయలేదు. అద్దం వెనక గొట్టాల మధ్య కనిపించిన ఆ పిడికిలి ఇదే కదా అనుకున్నాను. ప్రభువు మా మధ్య ఉన్నాడని అంత స్పష్టంగా నాకు మరెన్నడూ తెలియలేదు.

వచ్చేటప్పుడు ఆమె తన నోటుపుస్తకంలో వాడి పేరు రాయించుకుంది. నిన్న శుక్రవారం రాత్రి ఫోను వచ్చింది. కువైట్‌లోని ఆ గదిలో మూడు భాషలలో వాడి పేరున ప్రార్థన చేశారట.