641 దగ్గర తేలిన లెక్క

మా లెక్కల మాస్టారి పేరు చెబితే మా బ్యాచ్‌లో చాలామందికి ఆయన కోపం గుర్తొస్తుంది. నాకు మాత్రం 4294967297 గుర్తొస్తుంది. సిలబస్ అయిపోయాక ఒకరోజు దాన్ని బోర్డు మీద రాసి, "ఇది ప్రధాన సంఖ్యేనా?" అని అడిగారు. అంటే 1తో, తనతో తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా పోనిదేనా అని.

తెలిసిన చిట్కాలన్నీ ప్రయోగించాం. చివర 7 ఉంది కాబట్టి 2, 5 పోవు. అంకెల మొత్తం 59, కాబట్టి 3 పోదు. 11 కూడా పోలేదు. అక్కడితో మా సరుకు అయిపోయింది. ఆ సంఖ్య వర్గమూలం దాదాపు 65536. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలంటే అవి ఆరు వేలకు పైనే ఉన్నాయని మాస్టారు తాపీగా చెప్పారు.

తర్వాత అసలు కథ మొదలుపెట్టారు. 2ను 1, 2, 4, 8, 16 ఘాతాలకు హెచ్చించి, ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో ముందుకెళ్లినా అంతేనని 17వ శతాబ్దంలో ఫెర్మా అనే గణితజ్ఞుడు నమ్మాడు. తర్వాతిది 2³²+1, అంటే బోర్డు మీదున్నదే. 1732లో ఆయిలర్ అనే మరో గణితజ్ఞుడు దాన్ని 641 × 6700417 అని విడగొట్టేశాడు.

"641 దాకా ఒక్కొక్కటీ భాగించుకుంటూ వెళ్లాడా సార్?" అని వెనక బెంచీ ప్రశ్న. అంత అక్కర్లేదన్నారు. ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. దీన్ని ఆయిలరే తర్వాత నిరూపించాడు. అలాంటివి వరుసగా 193, 257, 449, 577, 641. ఆరు వేల టెన్షన్ కాస్తా ఐదుకు దిగింది!

నాకు అంతకంటే నచ్చింది, అసలు భాగహారమే లేని నిరూపణ. 641ని రెండు రకాలుగా రాయొచ్చు: 5×2⁷+1, 5⁴+2⁴. మొదటిదాని ప్రకారం 5×2⁷ అంటే 641కి ఒకటి తక్కువ, కాబట్టి 641తో భాగించేటప్పుడు దాని శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం చేస్తే 5⁴×2²⁸కు శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. పెడితే −2³²కు శేషం 1. అంటే 2³²+1కు శేషం సున్నా. ఆ రోజు సగమే అర్థమైంది. ఇంటికెళ్లి మళ్లీ రాసుకుంటే గానీ పూర్తిగా పట్టుబడలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం కంప్యూటర్లతో. 32 బిట్లతో, అంటే 0 లేదా 1 పట్టే 32 గళ్లతో, రాయగల సంఖ్యలెన్ని అంటే 4294967296. అది తెరమీద కనబడితే చాలు, నా చెయ్యి చివరి 6ను 7గా దిద్దబోతుంది.

"మరి ఆ తర్వాతిదో సార్?" అని కూడా అడిగాం. 18446744073709551617 అని రాసి, "హోంవర్క్" అన్నారు. అది 274177తో పోతుందట. లాండ్రీ అనే ఆయన 1880లో కనుక్కున్నాడని మర్నాడు మాస్టారే చెప్పి మమ్మల్ని వదిలిపెట్టారు.