ఎస్సై, కానిస్టేబుల్ ప్రిపరేషన్‌లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: ఒక రిటైర్డ్ ఎస్సై రాస్తున్నది

నేను రిటైరైంది 2024 జూన్ 30న, ఆదివారం. తెల్లారి జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. 39 ఏళ్లు నోట్లో నానిన సెక్షన్ నంబర్లన్నీ నాతోపాటే ఇంటికొచ్చేశాయన్నమాట. హత్య సెక్షన్ 302 ఇప్పుడు 103. 420 కాస్తా 318 అయింది, ఎవర్నైనా తిట్టుకోవాలన్నా కొత్త నంబర్ గుర్తుపెట్టుకోవాలి.

1985లో కానిస్టేబుల్‌గా చేరాను. 58కే దిగిపోవాల్సినవాణ్ని, 2021లో తెలంగాణలో రిటైర్మెంట్ వయసు 61 చేయడంతో మూడేళ్లు కలిసొచ్చాయి. సర్వీసులో ఉండగా ఎస్సై పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ పోగొట్టుకున్నాను, కారణం అరిథ్‌మెటిక్. పనీ కాలమూ, రైళ్లూ దూరమూ అంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. సెంట్రీ డ్యూటీలో స్టేషన్ బల్బు కింద తెలుగు అకాడమీ పుస్తకాలు చదివేవాణ్ని, లెక్కల పుస్తకం మాత్రం తలకింద పెట్టుకుని పడుకునేవాణ్ని. చివరికి హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై, ఎస్సై అని మెట్టుమెట్టుగా ప్రమోషన్ల మీదే ఎక్కాను. కాబట్టి టాపర్ల మాటలు నా దగ్గర దొరకవు.

ఇప్పుడు రోజూ పొద్దున హన్మకొండలో జేఎన్ఎస్‌కి, అంటే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వాకింగ్‌కి వెళ్తాను. మీరంతా అక్కడే కనిపిస్తారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. 400 మీటర్ల ట్రాక్ అంటే మగవాళ్లకి నాలుగు రౌండ్లు, రౌండ్‌కి దొరికేది సుమారు 1 నిమిషం 48 సెకన్లు. మీరేం చేస్తున్నారంటే, మొదటి రౌండ్ పక్కవాణ్ని చూసి నిమిషం ఇరవైలో కొట్టేస్తున్నారు, మూడో రౌండ్‌కి పొట్ట పట్టుకుని గడ్డిలో కూర్చుంటున్నారు. చేతికి వాచీ పెట్టుకుని మొదటి రెండు రౌండ్లు కావాలనే ఆపుకుని పరుగెత్తండి. మోకాలి కింద ఎముక నొప్పి మొదలైతే రెండు మూడు రోజులు ఆగండి, నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తి ఈవెంట్స్ (దేహదారుఢ్య పరీక్షలు) నాటికి కుంటుకుంటూ వచ్చిన పిల్లల్ని బందోబస్తులో నిలబడి చాలామందిని చూశాను. లాంగ్ జంప్, షాట్‌పుట్ గురించి నాకంటే మీ పీఈటీ సార్లు బాగా చెబుతారు.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. ఎస్సై ఫైనల్స్‌లో తెలుగు, ఇంగ్లిష్ పేపర్లు క్వాలిఫై అయితే చాలని మీరంతా వాటిని ఆఖరి వారానికి వదిలేస్తున్నారు. మార్కుల లెక్కన అది సరే. కానీ రేపు స్టేషన్‌లో అడుగుపెట్టాక మీరు పరుగెత్తేది ఏడాదికి నాలుగుసార్లు, రాసేది రోజూ. జనరల్ డైరీ, ఎఫ్ఐఆర్, పంచనామా, సాక్షుల వాంగ్మూలాలు, కేస్ డైరీ, పైవాళ్ల మెమోకి సంజాయిషీ, అన్నీ రాతే. మామునూరు పీటీసీలో (పోలీసు శిక్షణ కేంద్రంలో) తొమ్మిది నెలలు త్రీనాట్‌త్రీ రైఫిల్ మోయించారు, డ్రిల్లు చేయించారు. ఆ రైఫిల్ నేను జనం మీద ఒక్కసారి కూడా పేల్చలేదు. పెన్ను మాత్రం రోజూ పేలింది, ఒకసారి మా మీదకే పేలింది.

అది తొంభైల్లో. ఒక ముసలమ్మ మెడలో పుస్తెలతాడు తెంపుకుపోతుంటే ఊరివాళ్లే దొంగని పట్టుకున్నారు. మా ఎస్సై సారు వెళ్లి, మధ్యాహ్నం మూడింటికి ఊళ్లోనే ఇద్దరు పెద్దమనుషుల ముందు పంచనామా చెబుతుంటే నేను రాశాను. స్టేషన్‌కి తిరిగొచ్చాక సాయంత్రం ఐదింటికి ఎఫ్ఐఆర్ అయింది. అప్పుడు క్రైమ్ నంబర్ వచ్చింది కదా, నేను బుద్ధిమంతుడిలాగా పంచనామా పైన ఖాళీలో ఆ నంబర్ నింపేశాను, అదే పెన్నుతో. పక్కన తర్వాత నింపామని ఒక ముక్క రాయాలని తోచలేదు. రెండేళ్ల తర్వాత కోర్టులో డిఫెన్స్ లాయర్ ఆ కాగితం పైకెత్తి ఒకటే అడిగాడు: కేసు ఐదింటికి కట్టారు, మూడింటి కాగితం మీదకి క్రైమ్ నంబర్ ఎలా వచ్చింది? అంటే అంతా స్టేషన్‌లో కూర్చుని రాసిందేగా? సారు నీళ్లు నమిలాడు. ఇంకో రెండు చిన్న తేడాలు కూడా దానికి తోడయ్యాయి, అనుమానం కింద కేసు కొట్టేశారు. బయట చెట్టు కింద ముసలమ్మ నా చొక్కా పట్టుకుని, "దొంగ దొరికిండు గద బిడ్డా, మరి ఎట్ల ఇడిసిపెట్టిండ్రు?" అని అడిగింది. నేనేం చెప్పలేదు, బస్సు టైమైందని తప్పించుకున్నాను.

ఇప్పుడైతే సోదా, జప్తు వీడియో తీయాలని కొత్త చట్టంలో 105 సెక్షన్ పెట్టారు. ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరమైతే ఫోరెన్సిక్ వాళ్లు వచ్చి చూడాలన్నారు. మంచిదే. అయినా ఆ వీడియో ఎన్నింటికి, ఎక్కడ, ఎవరి ముందు తీశామో రాసేది మళ్లీ మనిషే. పాత నోట్సులు ఎవరైనా ఊరికే ఇస్తే ఐపీసీ, సీఆర్‌పీసీ నంబర్లు బట్టీ పట్టకండి, ఎఫ్ఐఆర్ అంటే 154 అని ఉంటే ఆ కాగితం పక్కన పడేయండి, ఇప్పుడది 173.

జీఎస్ (జనరల్ స్టడీస్) సంగతికొస్తే, అక్టోబర్ 21 పోలీసు అమరవీరుల దినం, 1959, లద్దాఖ్ హాట్ స్ప్రింగ్స్, పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు అని మీరు ఒక బిట్టుగా చదువుతారు. నక్సలైట్ల కాలంలో, ఎనభైలు, తొంభైల్లో వరంగల్ జిల్లాలో పనిచేసినవాళ్లకి అది బిట్టు కాదు. ఇసుక బస్తాల వెనక స్టేషన్, యూనిఫాం సంచిలో పెట్టుకుని మఫ్టీలో ఆర్టీసీ బస్సు ప్రయాణం, ఆ రోజు పరేడ్‌లో చదివే పేర్లలో పక్క మంచం వాడి పేరు. ఇంతకంటే ఇక్కడ రాయను.

మా ఎదురింటి అబ్బాయి ఈసారి ఎస్సైకి చదువుతున్నాడు. వాడికి నేనొక పని పెట్టాను: ఇంటి నుంచి గ్రౌండ్ దాకా వచ్చేటప్పుడు చూసింది రోజూ ఒక పేజీ రాసి చూపించమన్నాను. మొదటి రోజు మూడు లైన్లు తెచ్చాడు. "ఒకతను బండి మీద స్పీడుగా వెళ్లాడు" అని ఉంది. ఏ బండి, ఏ రంగు, ఎటు నుంచి ఎటు, టైమెంత, హెల్మెట్ ఉందా అని అడిగితే తెల్లమొహం వేశాడు. నిన్న పేజీన్నర తెచ్చాడు. పాల ప్యాకెట్ల ఆటో నంబర్‌తో సహా రాశాడు. చివర్లో "అంకుల్ 5.40కి రావాల్సి ఉండగా 5.52కి వచ్చారు" అని కూడా రాశాడు, సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు.