విరిగిన పన్ను, పదో రోజు

పొద్దున్నే మొహం కూడా కడుక్కోకుండా కుందేలుని ఒళ్లో కూర్చోబెట్టుకుని పైపెదవి ఎత్తి చూశాను. పది రోజుల కిందట బోను ఊచ పట్టి లాగి, ముందు పళ్ళలో ఒకదాని కొస విరగ్గొట్టుకుంది మహాతల్లి. ఇంకో మిల్లీమీటరు వస్తే పక్కదాన్ని అందుకుంటుంది.

తర్వాత అద్దంలో నా పన్ను చూసుకున్నాను. తొమ్మిదో తరగతిలో మెట్ల మీద పడ్డప్పుడు ఎగిరిపోయిన పెచ్చు ఎగిరిపోయినట్టే ఉంది. కొంచెం అసూయ వేసింది, దాచడమెందుకు.

మన పన్ను చిగురు చీల్చుకుని పైకొచ్చేసరికే ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) కట్టే కణాలు పోతాయి. లోపల డెంటిన్ (ఎనామిల్ కింది పొర) పేర్చే కణాలు మిగులుతాయి కాబట్టి, దెబ్బ తగిలితే లోపలివైపు నుంచి గోడ కాస్త మందం చేసుకోగలదు, అంతే. కుందేలుకి ఉన్న 28 పళ్ళూ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందువైతే వారానికి సుమారు 2, 3 మిల్లీమీటర్లు.

ఆ పనంతా అడుగున జరుగుతుంది. ఎలుకల ముందు పన్ను మొదట్లో, పెదవి వైపు, మూలకణాలు (కొత్త కణాలను పుట్టించేవి) దాక్కునే చిన్న సంచి లాంటి చోటు ఉంది. అక్కడ పుట్టిన కణాలు ఎనామిల్ కడుతూ కొసవైపు జరుగుతుంటాయి. చిట్టెలుకకైతే దాదాపు నెలకో కొత్త పన్ను వచ్చినట్టే. కొస కత్తిరిస్తే ఎదురుగా ఒరుసుకునే పన్ను తగలదు, అప్పుడు ఇంకా వేగంగా పైకి తోసుకొస్తుంది.

నాకు బాగా నచ్చింది 2019లో బయటపడిన సంగతి. శాస్త్రవేత్తలు చిట్టెలుకలకు కణాలు విభజన చెందకుండా మందిచ్చి, పంట్లో ఎనామిల్ కట్టే కణాలు పుట్టే పొరను దెబ్బతీశారు. ఎనామిల్ కట్టే కణాలకు ఆనుకుని సాయంగా ఉండే కణాలు కొన్ని, మామూలుగా గడవాల్సిన దశలన్నీ దాటేసి, నేరుగా తామే ఎనామిల్ కట్టేవిగా మారిపోయాయట. మేస్త్రీ రాని రోజు సిమెంటు అందించేవాడే తాపీ పట్టినట్టు!

అయితే పళ్ళు ఇలా ఆగకుండా పెరగడం వల్ల కుందేలుకి చిక్కూ ఉంది. పైది విరిగితే ఒరిపిడి లేక కింది పన్ను పొడుగైపోతుంది. మొన్న పశువైద్యుడు దాన్ని అరగదీశారు. గోళ్ళ కత్తెర మాత్రం పెట్టకండి, నిలువునా చీలుతుందన్నారు. వేరు దగ్గర దెబ్బ తగిలుంటే కొత్తది వంకరగా రావచ్చనీ అన్నారు. ఇప్పటికైతే తిన్నగానే వస్తోంది. సోమవారం మళ్ళీ కింది పన్ను చూడాలి.