నలభై దాటాక వీణ: నా అనుభవం

నలభై దాటాక వీణ నేర్చుకుంటానని నేనన్నప్పుడు, ఇక కచేరీలు చేస్తావా అని ఇంట్లో అందరూ ఆటపట్టించారు గాని, మా అత్తయ్యగారు మాత్రం ముందు శ్రుతి చేసుకోవడం నేర్చుకోమన్నారు. వీణ కోసం విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరున్న గొల్లపల్లికి వెళ్లాం. కుండను (నాదం మోగే గుండ్రటి భాగం), దండిని (పొడవాటి మెడ) ఒకే పనస దుంగ నుంచి తొలిచి చేసే ఏకాండి వీణ అక్కడి ప్రత్యేకత.

మొదట్లో పాఠం కంటే శ్రుతికే ఎక్కువ సమయం పట్టేది. వాయించే నాలుగు తీగల్లో మొదటిదైన సారణిని షడ్జానికి (స), తక్కినవాటిని వరుసగా కింది పంచమానికి (ప), మంద్ర షడ్జానికి (కింది స), అనుమంద్ర పంచమానికి (ఇంకా కింది ప) కలపాలి. తాళానికి పక్కనున్న మూడు తీగలు సరేసరి. తీగను బిగించే బిరడ జారిపోతుంటే సుద్దపొడి రాసి బిగించడం, వెంట్రుకవాసి తేడా మిగిలితే కుండ వైపు చివరనున్న చిన్న రింగులను జరిపి సరిచేయడం మా గురువుగారు చూపించారు. ఫోన్‌లో మోగే తంబూరా నాదంలో సారణి పూర్తిగా కలిసిపోయి, ఏది ఏదో చెవికి తెలియకుండా పోయినప్పుడు కలిగే ఆనందం, నా మటుకు నాకు, పాఠం అప్పజెప్పినప్పటి ఆనందం కంటే పెద్దది.

15వ మేళకర్త (జనక రాగం) అయిన మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు అనే తొలి పాఠాలు ఎడమచేతి వేళ్లు కాయలు కాచేదాకా సాగాయి. (కొబ్బరినూనె తడి రాసుకుంటే వేలు తీగమీద సాఫీగా జారుతుంది, మంట మాత్రం తప్పదు.) అలంకారాలు, గీతాలు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. అసలు రుచి గమకంతో, అంటే స్వరాన్ని ఊపి పలికించడంతో, మొదలైంది. వీణకు 24 మెట్లున్నా, మెట్టు మీదే తీగను పక్కకు లాగితే పై స్వరం, ఇంకా లాగితే ఆపైదీ పలుకుతాయి గనుక, ఎంత లాగాలో చెప్పవలసింది చెవే.

గాత్రం నేర్చిన మా అత్తయ్యగారు వంటింట్లో కూర తరుగుతూనే, "అమ్మాయీ, ఆ నిషాదం ఇంకా అందలేదు, కొంచెం లాగు" అని, కల్యాణిలో ఆ సంచారాన్ని ఒకసారి పాడి వినిపించేవారు. ఆవిడ గొంతు ఆగిన చోటుకు నా తీగ చేరేదాకా అదే ముక్కను ఎన్నిసార్లయినా వాయించుకోగల స్వేచ్ఛ వేదికమీద ఎవరికుంటుంది?

ప్రస్తుతం ఆదితాళ వర్ణం మొదటి కాలంలో నడుస్తోంది. రెట్టింపు వేగమైన రెండో కాలానికి అత్తయ్యగారు ఇంకా ఒప్పుకోలేదు.