జెల్ నల్లబడిపోయింది

పొద్దున తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటి నుంచి బయల్దేరుతుంటే పక్కింటావిడ మళ్ళీ అడిగింది, "ఇంతకీ ఏం పరిశోధన చేస్తావమ్మా నువ్వు?" అని. పదిహేడేళ్ళ సర్వీసులో ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకలేదు. వైరస్‌లంటే కరోనానా అంటారు, వాంతులు బేదులు అంటే మొహం అదోలా పెడతారు. ఆవిడ చేతిలో ఇడ్లీ ప్లేటుంది, అందుకే "చిన్నపిల్లల జబ్బులు" అనేసి స్కూటీ స్టార్ట్ చేశాను.

చలికాలం కదా, ఇవాళ ల్యాబ్‌కు బేదులైన పిల్లల మలం శాంపిళ్ళు ఎనిమిది డబ్బాలు వచ్చాయి. వాసన అలవాటైపోతుందని అందరికీ చెబుతుంటాను. అబద్ధం.

రాత్రంతా కరెంటుతో నడిచిన జెల్‌ను, అదే వైరస్ జన్యువుల్ని విడదీసి చూపే మెత్తటి పలకను, గీతలు కనబడేందుకు సిల్వర్ స్టెయిన్‌లో వేశాను. పీసీఆర్ ఉండగా ఈ పాత పద్ధతెందుకు మేడమ్ అని మా కుర్రాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. చిన్నపిల్లలకు బేదులు తెప్పించే రోటావైరస్ జన్యువులు 11 ముక్కలుగా ఉంటాయి. జెల్ మీద అవి పైనుంచి నాలుగు, రెండు, మూడు, రెండు చొప్పున గీతలుగా తేలతాయి. చిత్తూరు నుంచి రోజూ బస్సులో వేలూరు వెళ్ళి పని నేర్చుకున్న రోజుల్లో మొదటిసారి ఆ గీతలు చూసి, మధ్యాహ్నం అన్నం తినడం మరిచిపోయాను. ఒక బిడ్డ కడుపులో ఏముందో కళ్ళెదుట అలా బయటపడటం... 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్, ఆమె సహచరులు తొమ్మిది మంది పిల్లల చిన్నపేగు నుంచి తీసిన ముక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరీక్షిస్తే, ఆరుగురిలో ఈ వైరస్ దొరికింది. వాళ్ళు ఆ రోజు అన్నం తిన్నారో లేదో!

సరిగ్గా గీతల్ని తేల్చే డెవలపర్ పోసినప్పుడు ఫోన్. చిత్తూరు నుంచి మా చిన్నాన్న కూతురు.

"అక్కా, బుడ్డోడికి నిన్న సాయంత్రం నుంచి ఒకటే బేదులు. మా అత్త పళ్ళొస్తున్నాయి అంటుంది. పాలు ఆపేశాం."

"ఏమ్మే, ఎవరాపమన్నారు?" అని అరిచాను. పక్క టేబుల్ కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. పది నెలల బిడ్డ. పాలు ఇస్తూనే ఉండు అన్నాను. ఓఆర్ఎస్ ఎలా కలిపావంటే, లీటరు ప్యాకెట్టులో సగం ఒక గ్లాసు నీళ్ళలో వేసిందట. అంత చిక్కగా తాగిస్తే ఉప్పు ఎక్కువై ఇంకా ప్రమాదం. పారబొయ్యి, మొత్తం ప్యాకెట్టు కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో కలుపు, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టు, వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్ళీ పట్టు. జింకు 14 రోజులు ఆపకుండా వెయ్యి. ఉచ్చ పోస్తున్నాడా, కళ్ళు లోపలికి పోయాయా, మత్తుగా ఉన్నాడా... ఏ మాత్రం తేడా అనిపించినా నాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు, నేరుగా ఆస్పత్రికి పరిగెత్తు అన్నాను.

"రోటా చుక్కలు మూడుసార్లూ వేయించాం కదక్కా మరి?" అంది, నేనేదో మోసం చేసినట్టు. మన రాష్ట్రంలో 2016లో మొదలుపెట్టిన చుక్కలవి, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేస్తారు. మన దేశపు టీకా రోటావ్యాక్‌ను ఢిల్లీ, పుణె, వేలూరుల్లో పరీక్షిస్తే, తొలి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాల నుంచి సుమారు 56 శాతం రక్షణ వచ్చింది. ఇదంతా ఆ పిల్లకు ఆ టైములో చెప్పేదా? "ఇది వేరే వైరస్ కూడా కావచ్చులే, సబ్బుతో చేతులు కడుక్కో, శానిటైజర్ సరిపోదు" అని మాత్రం అన్నాను. బేదులు తెచ్చే ఇంకో వైరస్, నోరోవైరస్ అయితే శానిటైజర్‌కు సరిగా లొంగదు మరి.

ఫోన్ పెట్టేసి చూస్తే జెల్ మొత్తం బొగ్గులా నల్లబడింది. గీతలూ లేవు, ఏమీ లేవు. కుర్రాళ్ళు నవ్వలేదు, అదింకా చిరాకు. శాంపిళ్ళు ఫ్రీజర్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను.

ఒకటి మాత్రం మధ్యాహ్నమంతా గుచ్చుతూనే ఉంది. ఇన్నేళ్ళు దీని ముక్కలు లెక్కపెట్టాను, రకాలు తేల్చాను, పేపర్లు రాశాను. సొంత మనిషి ఫోన్ చేస్తే చెప్పగలిగింది ఆశా కార్యకర్త చెప్పేదే, ఉప్పు, చక్కెర, నీళ్ళు. ఈ వైరస్‌ను చంపే మందు మా దగ్గర లేదు. ఆ ఆశా అమ్మాయైతే పాలు ఆపకముందే ఇంటికెళ్ళి చెప్పుండేది.

రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల పిల్లాడి ఏడుపు, మంచి గట్టి ఏడుపు. "అక్కా, రెండుసార్లు ఉచ్చ పోశాడు, మా అత్త చీర తడిపేశాడు."

రేపు పొద్దున్నే జెల్ మళ్ళీ పెట్టాలి. డెవలపర్ పోసేటప్పుడు ఫోన్ ఇంకో గదిలో.