కట్టుకూ కుట్టుకూ మధ్య గీత

అమెరికాలో 1970 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య చట్టం ప్రకారం, పదిమందికి మించి ఉద్యోగులున్న యజమానులు, తక్కువ ప్రమాదమున్నవిగా మినహాయించిన కొన్ని రంగాల వారు తప్ప, పని వల్ల కలిగిన తీవ్రమైన గాయాలనూ జబ్బులనూ ఫారం 300 అనే చిట్టాలో, విషయం తెలిసిన 7 రోజుల్లోగా నమోదు చేసి, 5 ఏళ్లపాటు భద్రపరచాలి.

ఈ చిట్టా నిజాయితీ అంతా ప్రథమ చికిత్సకూ వైద్య చికిత్సకూ మధ్యనున్న గీతపై ఆధారపడి ఉందని నా అభిప్రాయం. తెగిన వేలికి కట్టు కట్టి మరుసటి రోజు మామూలు పనికే పంపితే నమోదు అక్కరలేదు. అదే వేలికి కుట్లు వేస్తే, లేదా కార్మికుడిని ఒక రోజైనా తేలిక పనికి మారిస్తే, నమోదు తప్పనిసరి. చిట్టా శుభ్రంగా కనిపించాలన్న ఆరాటం సరిగ్గా ఇక్కడే చికిత్స నిర్ణయంలోకి చొరబడుతుంది, అది నన్ను నిజంగా కలవరపెడుతుంది.

మరణాన్ని 8 గంటల్లోగా, ఆసుపత్రిలో చేరికనూ అవయవం తెగిపోవడాన్నీ కన్ను పోవడాన్నీ 24 గంటల్లోగా ప్రభుత్వ సంస్థ ఓషాకు తెలపాలి. ఇందులో చిన్న సంస్థలకూ మినహాయింపు లేదు.

ఏటా ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 వరకు గోడపై ఉంచవలసిన సారాంశ పత్రం, ఫారం 300ఏ, అందరికీ కనిపించేదే. అయితే అసలు చిట్టాను అడిగి చూసే హక్కు కూడా కార్మికుడికి ఉందనీ, అడిగిన మరుసటి పనిదినం ముగిసేలోగా దాని నకలు ఇవ్వాలనీ, గాయం గురించి చెప్పినందుకు శిక్షించడం చట్టవిరుద్ధమనీ ఆ గోడ పక్కనే పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలని నేను కోరుకుంటాను.